మంట లేని అతుకు: తొమ్మిది ప్లేట్ల పంచాయితీ

"మెరుస్తున్నయ్ గద," అన్నాడు మల్లేశయ్య.

అనకూడని మాటలకు పోటీ పెడితే, ఆ ఆదివారం పొద్దున ఇబ్రహీంపట్నం మొత్తం మీద మొదటి బహుమతి ఆ మాటకే దక్కేది.

వరండాలో మంచం మీద తొమ్మిది అల్యూమినియం ప్లేట్లు వరుసగా పడుకుని ఉన్నాయి. ఒక్కోటి రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత. ఏడున్నర ఎండ వాటి మీద పడి, పైన రేకుల కప్పుకు తొమ్మిది వెలుగు బిళ్ళలు అంటించింది. నిన్నటిదాకా నవరత్నాలు. ఈ పూట నవగ్రహాలు. అందులో తొమ్మిదికి తొమ్మిదీ శనిగ్రహాలే.

"మెరుస్తున్నయ్ కాబట్టే బిడ్డ తలుపు దగ్గరికేసుకొని కూసున్నది," అంది అతని భార్య రేణుక. "ఆరింటి సంది నోట్ల మాట లేదు. నీకు చెయ్యి ఊకుండదా?"

"మెరుగు పెట్టుడు గూడ తప్పేనా?"

"పెట్టుమని ఎవలడిగిన్రు?"

ఎవరూ అడగలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

నిన్న సాయంత్రం కూతురు యమున కాలేజీ ల్యాబు నుంచి ఆ ప్లేట్లను స్కూటీ మీద తెచ్చి టేబుల్ మీద పెట్టుకుంది. సోమవారం పొద్దున్నే పట్నంలో టెస్టింగ్ ల్యాబుకు తీసుకుపోవాలి. అక్కడ మిషన్‌కు బిగించి ఒక్కోదాన్నీ రెండువైపులా లాగి, అతుకు ఎంత బలానికి తెగుతుందో చూస్తారు. మూడేళ్ళ పరిశోధన ఆ తెగే అంకెల మీద వేలాడుతోంది.

ఐదింటికి లేచిన మల్లేశయ్య కంట ఆ ప్లేట్లు పడ్డాయి. అతుకు వెంబడి రిబ్బన్‌లా లేచి, మెలికలు తిరిగిన లోహపు పొరలు కూడా పడ్డాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా వెల్డింగ్ షాపు నడుపుతున్న మనిషి. వెనకటికి హయత్‌నగర్‌లో లారీ బాడీల షెడ్డులో పని నేర్పిన ఉస్తాద్ ఒక్కటే మాట చెప్పాడు: "గ్రైండింగ్ కొట్టని అతుకు ముక్కు తుడవని పోరడు. గిరాకీ ముంగట పెట్టకు." ఆ మాట మల్లేశయ్యకు మంత్రం. రేపు కూతురు నలుగురి ముందర ముక్కు తుడవని అతుకులు పెడితే, వెల్డర్ మల్లేశయ్య బిడ్డ ఈమేనా అనరూ?

షాపు ఇంటి ముందు గదే. తీసుకుపోయాడు. అల్యూమినియం డిస్కుకు అంటుకుని పిడచ కట్టకుండా ముందుగా డిస్కుకు కొవ్వొత్తి రాశాడు. ఒక్కో ప్లేటునూ పసిపిల్లకు నలుగు పెట్టినట్టు రుద్దాడు. గంటలో అతుకులన్నీ శుభ్రమయ్యాయి. బతుకే గతుకైంది. ఎందుకంటే పొరలతో పాటు, ప్రతి అతుకు పక్కనా యమున నల్ల మార్కర్‌తో రాసుకున్న అంకెలు కూడా పోయాయి.

"సిల్వర్ గంజులకు నంబర్లు ఎందుకే," అంది మూల కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మాణిక్యమ్మ. మల్లేశయ్య తల్లి. ఆవిడ లెక్కలో అల్యూమినియం పేరు సిల్వర్, ప్లేటు అంటే తినేది. "నాకు పెండ్లిల పెట్టిన గంజుల యాభై ఏండ్లు ఎసరు కాగింది. దానికేమన్న నంబర్ ఉండెనా?"

"నువ్వు జర ఊకో అత్తమ్మ. పెండ్లి ముచ్చట తీస్తె అల్యూమినియం ముచ్చట చెప్పే పిల్ల. ఆ ఒక్క ముచ్చట గూడ మీ కొడుకు లేకుంట జేసిండు."

"నంబర్లుంటయని నాకేం తెల్సు?"

"కండ్లు లేవా?"

"ఏందో పిచ్చిగీతలున్నయ్. దుకాణపోడు రాసిన రేటనుకున్న."

డాక్టరేటును రేటు అనుకుని రుద్దేశాడన్న మాట.

లోపలి తలుపు చప్పుడైంది. ముగ్గురూ నోరు మూశారు. చిక్కుడుకాయ కూడా చిటుక్కుమనడం మానేసింది.

యమున బయటకు వచ్చింది. కళ్ళు ఎర్రగా లేవు. ఏడ్చి ఉంటే మల్లేశయ్యకు కాస్త ధైర్యంగా ఉండేది. ఏడుపుకు ఓదార్పు ఉంటుంది. లెక్క వేస్తున్న మొహానికి ఏం చెప్పాలి?

ఆమె ఒక ప్లేటు తీసి, వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"ఎంత లోతు తీసినవ్ బాపు?"

"ఎక్కువ లేదు బిడ్డ. ఎంట్రుక మందం."

"అన్నిటికీ?"

"పొర ఎక్కువున్న దగ్గర జర ఎక్కువ. తక్కువున్న దగ్గర తక్కువ."

"టెస్టుకు ఫరక్ పడదు. పొరలు ఎట్లయిన తియ్యాల్సిందే." ఆమె ప్లేటును మళ్ళీ వరుసలో పెట్టింది. "కని ఏది ఏదో తెల్వాలె."

"అన్ని ఒక్క తీరే ఉన్నయ్ గద?"

"ఒక్క తీరు ఉండొద్దనే గద బాపు మూడేండ్లు కష్టపడింది."

చెప్పింది. కోపంగా కాదు, క్లాసులో చెప్పినట్టు. టూలు తిరిగే వేగాలు మూడు: నిమిషానికి ఆరు వందల చుట్లు, తొమ్మిది వందలు, పన్నెండు వందలు. అతుకు మీద ముందుకు నడిచే వేగాలు మూడు: నిమిషానికి నలభై మిల్లీమీటర్లు, అరవై, ఎనభై. మూడు మూళ్ళు తొమ్మిది. ఏ తిరుగుడుకు ఏ నడక జోడైతే అతుకు గట్టిగా ఉంటుందన్నదే పరిశోధన.

"రేపు మిషన్ మీద ఒక ప్లేటు మస్తు బలం చూపిచ్చిందనుకో. ఏ జోడు ప్లేటది? తెల్వదు. పేరు లేనోనికి పతకం వచ్చినట్టు."

మూడు మూళ్ళు మూడు ముళ్ళలా మల్లేశయ్య గొంతుకు బిగుసుకున్నాయి.

"మల్ల అతుకుదం. నేనొస్త. సెలవు పెట్టుకుంట," అన్నాడు, సొంత షాపుకు సెలవు ఎవరికి పెట్టాలో తెలియకుండానే.

"ఆ రకం రేకు అయిపోయింది బాపు. కొత్తది రావాల్నంటె ఆరు నెలలు. అదొస్తె తొమ్మిది గూడ మొదటి నుంచి చెయ్యాలె. రివ్యూ గురువారం."

గేటు చప్పుడైంది. పెద్దవాడు పరశురాం. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక వెంచర్‌లో ప్లాట్లు చూపించే పని. ఆదివారమే వాళ్ళకు సంత. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు తాడు. తల్లి రెండు ముక్కల్లో సంగతి చెబితే వాడు నవ్వాడు.

"ఓస్ గింతేనా. ఎద్దు తన్ని ప్లాట్ల రాళ్ళు పడిపోతె మేమేం చేస్తం? మల్ల పాతి, మల్ల నంబర్ ఏస్తం. నువ్వు గూడ ఎయ్యి. తొమ్మిదున్నయ్, తొమ్మిది నంబర్లు. ఎవరు తవ్వి చూస్తరు?"

"మీ ప్లాటు జరిగితె పక్కోనితోని లొల్లి అయితది," అంది యమున. "నా ప్లేటు జరిగితె ఏమైతదో తెల్సా అన్న? నా లెక్క నమ్ముకొని రేపు ఎవడో రైలు డబ్బా అతుకుతడు. నేనేసిన దొంగ నంబర్ మీద జనం కూసొని పోతరు."

పరశురాం నవ్వు సగంలో ఆగింది. ప్లేటు ఫిరాయించే మనుషుల మధ్య తిరిగేవాడు, ప్లేటు ఫిరాయించని చెల్లెలి ముందు నిలవలేక, హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మల్లేశయ్య మాత్రం లుంగీ మడతలో దాచిన చేతిని ఇంకాస్త లోపలికి దాచుకున్నాడు. ఆ చేతిలో ఇనుము మీద అంకెలు కొట్టే పంచ్‌ల డబ్బా ఉంది. గంట కిందటే షాపులోంచి తెచ్చాడు. పరశురాం అన్న మాటే అతనూ అనబోయాడు. అనేలోపు కొడుకు అని, తండ్రిని కాపాడాడు.

యమున చూపు ఆ లుంగీ మడత మీద ఆగింది.

"తప్పు నాది గూడ ఉన్నది బాపు," అంది. "మార్కర్‌తోని రాయకు, అంచు మీద సూదితోని గీకు అని మేడం రెండుసార్లు చెప్పింది. రేపు గీకుత, ఎల్లుండి గీకుత అనుకున్న. నువ్వు గీకినవ్."

రేణుకకు నవ్వు వచ్చింది. తిట్టే పనిలో ఉన్నానని గుర్తొచ్చి ఆపుకుంది.

యమున మళ్ళీ ఒక ప్లేటు ఎత్తింది. అతుకు చివర గుండ్రంగా ఒక గుంట. టూలు పైకి లేచిన చోట మిగిలే గుర్తు. అది వెల్డింగ్‌లో లోపమనే మల్లేశయ్య అనుకున్నాడు. పూడ్చడానికి సరైన కడ్డీ దొరక్కపోబట్టి బతికిపోయింది. ఆ గుంట అంచును ఆమె గోటితో మెల్లగా గీరింది.

"పైన పోయింది. లోపల పోలే," అంది తనలో తాను. ఫోన్ తీసింది.

గైడు సుసన్న మేడం హయత్‌నగర్‌లో ఉంటుంది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి గొంతు గుసగుసగా వచ్చింది. వెనక కీర్తన వినిపిస్తోంది.

"చర్చిల ఉన్న యమునా. ఏమైంది?"

యమున దాచకుండా చెప్పింది. గ్రైండింగ్, మార్కర్, తన బద్ధకం. "మా బాపు చేసిండు" అన్న దగ్గర గొంతు తగ్గించలేదు, పెంచలేదు. మల్లేశయ్యకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

అవతల కీర్తన ఒక చరణం నడిచింది.

"ప్రార్థన అయినంక వస్త. పదకొండున్నరకు ల్యాబుకు రా. మీ బాపును గూడ తీసుకరా."

"బాపు ఎందుకు మేడం?"

"రుద్దింది ఆయనే కద. ఇంక రుద్దేది మస్తు ఉన్నది."

*

ఇబ్రహీంపట్నంలో బస్సు ఎక్కడ ఆగినా ఏదో ఒక ఇంజినీరింగ్ కాలేజీ గేటు ముందే ఆగుతుంది. ఆ గేట్లలో నాలుగు మల్లేశయ్య చేతివే. తండ్రి గేట్లు అతికి పెంచితే కూతురు గేట్ రాసి గట్టెక్కింది. తను కట్టిన గేటులోంచి తన కూతురు పరిశోధకురాలిగా లోపలికి నడిచే రోజు వస్తుందని ఆ బోల్టులు బిగించినప్పుడు అతను అనుకోలేదు. ప్రతిసారీ లోపలికి వెళుతూ కమ్మీ మీద ఒకసారి చెయ్యి వేస్తాడు. ఈ పూట వేయలేదు. తువ్వాలలో చుట్టిన తొమ్మిది ప్లేట్లూ రెండు చేతుల్లో ఉన్నాయి.

ల్యాబులో ఆ మిషన్ ఉంది. పేరుకు మిల్లింగ్ మిషన్. యమున, మేడం కలిసి దానికి కొత్త టూలు బిగించి కొత్త విద్య నేర్పారు.

మొదటిసారి చూడటానికి వచ్చినప్పుడు మల్లేశయ్య తన నల్లద్దం జేబులో పెట్టుకుని వచ్చాడు. వెల్డింగ్ అన్నారు కదా, వెలుగు వస్తుంది కదా అని. రెండు రేకులు ఆనించి బిగించారు. మొండి వేలు లాంటి టూలు గిర్రున తిరుగుతూ సందులోకి దిగింది. అతను నల్లద్దం కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. వెలుగు రాలేదు. అద్దం దించాడు. నిప్పురవ్వ లేదు, పొగ లేదు, కడ్డీ లేదు. టూలు రాపిడికే లోహం మెత్తబడి, కరగకుండానే, జొన్న గటక గెలికినట్టు అటుది ఇటు ఇటుది అటు కలిసిపోతూ వెనకాల గట్టిపడిపోతోంది.

"కాల్చకుండ కలుపుతదా?" అన్నాడు అప్పుడు.

"కలిపిచ్చేటోళ్ళు కాల్చొద్దు బాపు," అంది యమున.

రాపిడి అంటే విడగొట్టేదనే ఇన్నేళ్ళూ అతని లెక్క. ఇంట్లో అత్తాకోడళ్ళ రాపిడి చూసినవాడు ఇంకెలా లెక్కేస్తాడు? రాపిడితోనే రెండు ముక్కలు ఒకటవుతాయని ఆ రోజు తెలిసింది. సత్తు అని జనం చులకన చేసే లోహంలో ఇంత సత్తువ ఉందని కూడా.

ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటీ మీద యమున ఇంకో మాట చెప్పింది. "చిన్నప్పుడు నీ కండ్ల మీద ఆలుగడ్డ ముక్కలు పెట్టేదాన్ని, యాదున్నదా?" ఉంది. ఆర్క్ వెలుగు తగిలిన రోజు కళ్ళలో ఇసుక పోసినట్టు ఉండేది. ఆరేళ్ళ పిల్ల ఆలుగడ్డ చక్రాలు కోసి పెట్టి, చల్లబడిందా బాపు అని నిమిషానికోసారి అడిగేది. "మంట లేని అతుకు ఒకటున్నదని కాలేజీల సారు చెప్పినప్పుడు, నాకు ఆలుగడ్డలే యాదికొచ్చినయ్," అంది.

అలాంటి మంట లేని అతుకులకు మంట పెట్టింది తనేనని తలుచుకుంటే మల్లేశయ్యకు ఈ పూట కళ్ళలో మళ్ళీ ఇసుక పడినట్టుంది.

సుసన్న మేడం చర్చికి కట్టుకున్న తెల్ల పట్టుచీర మీదే వచ్చి, పైన నీలం ల్యాబు కోటు తొడుక్కుంది. యాభై దాటిన మనిషి. నవ్వు పెదవుల కన్నా ముందు కళ్ళజోడులోకి వస్తుంది. ఈ పూట అక్కడికీ రాలేదు.

"మల్లేశన్న, చూపియ్ నీ కళ."

చూసింది. ఒక్కో ప్లేటునూ తిప్పి తిప్పి చూసింది.

"పని మాత్రం మస్తు చేసినవే," అంది చివరికి. "కావాల్నని అడిగితె గింత మంచిగ మా దగ్గర ఎవరు చెయ్యరు."

పొగడ్తో తిట్టో తేలక మల్లేశయ్య రెంటికీ కలిపి ఒకటే తల ఊపాడు.

ముందుగా మేడం సూది తీసుకుని తొమ్మిది ప్లేట్ల అంచుల మీదా తొమ్మిది అక్షరాలు గీకింది. క, గ, చ, జ, ట, డ, త, ద, ప. ఆ తర్వాత యమున పని చెప్పింది. టూలు ఒక్క చుట్టు తిరిగేసరికి కాస్త ముందుకు జరుగుతుంది. ఆ చుట్టుకు లోహంలో ఒక ఉంగరం పడుతుంది. మళ్ళీ చుట్టు, మళ్ళీ ఉంగరం. అతుకును అడ్డంగా కోసి నున్నగా చేసి మందులో ముంచితే ఆ ఉంగరాలు మైక్రోస్కోపులో కనబడతాయి. నెమ్మదిగా నడిచిన టూలు ఉంగరాలను దగ్గర దగ్గరగా వేస్తుంది, తొందరపడింది దూరం దూరంగా. ఒక మిల్లీమీటరులో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఏ జోడో తేలిపోతుంది.

"పైన ఎంత గీకినా లోపలి ఉంగరం పోదు బాపు."

ప్రతి ప్లేటు చివరా గోరంత ముక్క కోసి, దాని మీదా అదే అక్షరం గీకారు. నున్న చేసే పని మల్లేశయ్యది.

"గరుకు కాయితం మీద ఒక్క దిక్కే రుద్దు," అంది యమున. "తర్వాత సన్న కాయితం తీసుకొని, ముక్కను అడ్డం తిప్పి రుద్దు. పాత గీతలు మొత్తం పోయి కొత్త గీతలే కనపడాలె. మల్ల ఇంక సన్నది, మల్ల అడ్డం. ఆఖరికి ఒక్క గీత ఉండొద్దు."

"ఒక్క గీత ఉండొద్దంటె నాకే చెప్తున్నవా," అన్నాడు మల్లేశయ్య. ఆ పొద్దుటి నుంచి అతని నోట వచ్చిన మొదటి నిబ్బరమైన మాట అది. కూతురు పెదవి చివర ఒక్క క్షణం వంగింది.

రుద్దాడు. తొమ్మిది ముక్కలు, ఒక్కోదానికి ఐదు కాగితాలు. పొద్దున తప్పు చేసిన చెయ్యే మధ్యాహ్నం దిద్దుబాటుకు కూర్చుంది. తండ్రి రుద్దుతుంటే కూతురు కడిగి, రబ్బరు తొడుగులతో మందులో ముంచి, ఆరబెడుతోంది. ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. "ఇది?" "ఇంక జర." "ఇప్పుడు?" "ఊఁ." రేణుక కట్టి పంపిన చిక్కుడుకాయ కూర అన్నం రెండింటికి తిన్నారు. మేడం తన డబ్బా కూడా మధ్యలో పెట్టింది.

మొదటి ముక్క మైక్రోస్కోపు కింద పెట్టి, యమున తండ్రిని పిలిచింది. "ఒక్కసారి చూడు."

చూశాడు. ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు ఉంగరంలో ఉంగరం, ఉంగరంలో ఉంగరం. బూడిద రంగు, వెండి రంగు, మళ్ళీ బూడిద. ఇనుము మీద ఎన్నో అతుకులు వేశాడు. దేని కడుపూ ఇలా తెరిచి చూడలేదు. ఇంత ఒద్దికైన అల్లిక ఆ మొండి వేలు కింద పుట్టిందా? అదీ తన కూతురు పుట్టించిందా?

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు. ఇక్కడ తండ్రి చేసిన కీడును విరవడానికి ఉల్లి దిగాల్సి వచ్చింది.

"ఇంక నువ్వు బయటికి నడు అన్న," అంది సుసన్న మేడం. "కాంటీన్‌ల చాయ్ తాగు. లెక్కలు నువ్వు వినొద్దు."

ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

*

నాలుగున్నరకు పిలుపు వచ్చింది. లోపల ఇద్దరి మొహాలూ చూడగానే తెలిసింది, పని సగంలో ఇరుక్కుందని.

"ఆరు తేలినయ్ బాపు," అంది యమున. "మూడు తేలలే."

తేలని మూడింటిలో మిల్లీమీటరుకు పదిహేనేసి ఉంగరాలు. ఆరు వందల తిరుగుడుకు నలభై నడక, తొమ్మిది వందలకు అరవై, పన్నెండు వందలకు ఎనభై. తిరుగుడు పెరిగినంత నడకా పెరిగింది కాబట్టి ఉంగరాల దూరం ఒక్కటే అయ్యింది. కవలలు అనుకుంటే ముక్కవలలు.

"ఆ మూడు లేకుంటె?"

"టేబుల్‌ల ఆ మూల నుంచి ఈ మూలకు పెద్ద పొక్క, మూడు గడులు ఖాళీ. ఎవరు ఒప్పుకోరు. మల్ల ఆరు నెలలు."

సుసన్న మేడం కుర్చీ ముందుకు జరుపుకుంది. "మల్లేశన్న. తిరుగుడు ఎక్కువైతె వేడి ఎక్కువ. వేడి ఎక్కువైతె ఆ పొర ఎక్కువ లేస్తది. ఆ పొరలు చూసింది లోకంల ఇద్దరే. నీ బిడ్డ రాసి పెట్టుకోలే. నువ్వు రుద్దినవ్. నీకు యాదున్నదా?"

మల్లేశయ్య తన అరచేతులు చూసుకున్నాడు.

"యాది ఎందుకు మేడం? ప్లేట్ల మీదనే ఉన్నది. పొర దొడ్డుగున్న దగ్గర డిస్కు నొక్కి తిప్పిన. సన్నగున్న దగ్గర ఊకె తాకిచ్చిన. మీకు అన్ని ఒక్క తీరు మెరుస్తయ్. నా గీత నాకు తెల్వదా?"

"అయితె పరీక్ష పెడుత. తేలిన ఆరు నీ ముంగట పెడుత. ఏది ఏదో నీకు తెల్వదు, నాకు తెల్సు. ఎక్కువ పొర నుంచి తక్కువ పొరకు వరుస పెట్టు. ఆరు కరెక్ట్ అయితె ఆ మూడింటికి గూడ నీ చేతిని నమ్ముత. ఒక్కటి తప్పినా ఆ మూడు పక్కకు పెడుదం. ఏదైనా సరే, జరిగింది జరిగినట్టు థీసిస్‌ల రాయాలె. నీ పేరుతోని సహా. ఒప్పుకుంటవా?"

"నా తప్పు బుక్కుల ఎక్కుతదా?"

"ఎక్కుతది."

"ఎక్కనియ్," అన్నాడు మల్లేశయ్య. "పేరన్న సక్కగ రాయున్రి. మల్లేశం కాదు, మల్లేశయ్య."

జవాబులు తెలిసిన యమునను వరండాలోకి పంపించి తలుపు వేశారు. పదో తరగతి పరీక్షలప్పుడు తండ్రి స్కూలు గేటు బయట మూడు గంటలు నిలబడేవాడు. ఈ రోజు తండ్రి లోపల, కూతురు బయట.

ఆరు ప్లేట్లు. పడమటి కిటికీ ఎండ టేబుల్ మీదికి వాలింది. మల్లేశయ్య ఒక్కోదాన్నీ ఎండకు ఏటవాలుగా పట్టాడు. కళ్ళ కన్నా ముందు బొటనవేలు నడిచింది. అతుకు అంచు మీద, వెనక్కి, మళ్ళీ ముందుకు.

"ఇది ఫస్ట్. మీగడ లెక్క లేచింది పొర. మూడు సార్లు తిప్పిన." ప ముందుకు వచ్చింది. "దీని ఎనక గిది." జ. "గిది గూడ దొడ్డే, కని జర నయం." క.

మిగిలిన మూడింటిలో ద ను తీసి చివర పెట్టాడు. "ఇది ఉత్త వెంట్రుక. డిస్కు తాకంగనే పోయింది."

ట, డ మిగిలాయి. రెండింటినీ చెరో చేతిలోకి తీసుకున్నాడు. సుసన్న మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. మల్లేశయ్య కళ్ళు మూసుకున్నాడు. బొటనవేళ్ళు రెండూ ఒకే వేగంతో నడిచాయి.

"ట ముందు," అన్నాడు. "డ ఎనక."

మేడం నోట్‌బుక్ తెరిచింది. వేలు పెట్టి ఒక్కో వరుసా చూసింది. ప, సరే. జ, సరే. క, సరే. చివరి ద కూడా సరే. మధ్యలో వేలు ఆగింది.

"తారుమారైనయ్ అన్న. డ ముందుండాలె. ట ఎనక."

"ఒక్కటి తప్పినా అని అనుకున్నం," అంది ఆమె మెల్లగా.

మల్లేశయ్య తల దించుకోలేదు. పొద్దుటి నుంచి దించుకునే ఉన్నాడు. ఈసారి మాత్రం ఎత్తాడు.

"తప్పు చేసిన మేడం. పొద్దుగాల చేసిన. ఇప్పుడు చెయ్యలే."

"నీ బిడ్డ మైక్రోస్కోపుల చూసి లెక్కపెట్టింది."

"నా బిడ్డ మీద నాకు అనుమానం లేదు. నా కండ్ల మీద గూడ నమ్మకం లేదు, ఇరవై ఎనిమిదేండ్లు మంట చూసినయ్. కని చెయ్యి అబద్ధమాడదు. ట మీద రెండు సార్లు తిప్పిన. డ మీద ఒక్కసారే. మల్ల ఒకసారి చూడమనున్రి."

మేడం లేచి తలుపు తీసింది.

యమున లోపలికి వచ్చింది. వరుస చూసింది, నోట్‌బుక్ చూసింది, తండ్రి మొహం చూసింది. ఆమె రాతలో డ ఎదురుగా పదకొండు, అంటే తొమ్మిది వందల తిరుగుడు; ట ఎదురుగా పది, అంటే ఆరు వందలు. రెండూ పక్కపక్క గడులు. ఒక్క ఉంగరం తేడా. అవి లెక్కపెట్టింది చివరిగా, కళ్ళు గుంజుతున్నప్పుడు.

"నా గడి నేనే తప్పు రాసుకొని ఉంటనా బాపు?"

"నాకేం తెల్సు బిడ్డ. నేను నా చేతి మాట చెప్పిన."

ఎవరి పక్కనా వాదించకుండా ఆమె ట అని గీకిన ముక్కను ఏరి, మైక్రోస్కోపు కింద పెట్టింది.

"పది వస్తె నీ రాత కరెక్ట్," అంది సుసన్న మేడం. "మూడు ప్లేట్లు పక్కకు. పదకొండు వస్తె మీ బాపు చెయ్యి కరెక్ట్. పైకే లెక్కపెట్టు. ఇద్దరం వింటం."

యమున వంగింది. జడ భుజం మీదుగా జారింది. వెనక్కి వేసుకోలేదు.

"ఒకటి. రెండు. మూడు."

మల్లేశయ్య జేబులో ఏదో గట్టిగా తగిలింది. పంచ్‌ల డబ్బా. పొద్దున లుంగీలోంచి ప్యాంటు జేబులోకి ఎప్పుడు మారిందో అతనికే తెలియదు. తీసి టేబుల్ మీద, అందరికీ కనబడేలా పెట్టాడు.

"నాలుగు. ఐదు. ఆరు. ఏడు."

కిటికీ ఎండ పక్కన పెట్టిన ఆ మూడు ప్లేట్ల మీదికి పాకింది. కప్పు మీద మూడు వెలుగు బిళ్ళలు వణికాయి.

"ఎనిమిది. తొమ్మిది."

యమున వేళ్ళు మైక్రోస్కోపు మర మీద వెంట్రుకవాసి కదిలాయి.

"పది," అంది.

తల ఎత్తలేదు. పెదవులు మాత్రం ఇంకా మూసుకోలేదు.